పండుకునే ముందు ఒక గోళి

సుక్కమ్మకు రోజుకు రెండు నిద్రలు. ఒకటి పొద్దుగూకగానే, ఊరంతా టీవీల ముందు కూర్చునే వేళకు. ఇంకొకటి మార్కెట్ నుంచి వచ్చాక, ఊరంతా పనుల్లో పడే వేళకు. పూలు పండించే ఇంట్లో పుట్టి, పూలు పండించే ఇంటికే కోడలై వచ్చిన మనిషి కాబట్టి ఆమెకు ఇందులో వింతేమీ కనిపించదు. రాత్రంతా ఒకే నిద్ర తీసేవాళ్లను చూస్తేనే ఆమెకు జాలి.

"గంతసేపు ఒక్కతీరుగ ఎట్ల పండుకుంటరే? నడుములు పట్టుకపోవా?" అని అడుగుతుంది.

ఆమె తోట సురంగల్ ఊరి బయట, దారి పక్కనే ఉంది. సగం చామంతి, సగం బంతి. మధ్యాహ్నం నుంచి పూలు కోసి, గంపల్లో నింపి, తడి గోనెసంచులు కప్పి, చీకటి పడేలోపు తిని పడుకుంటుంది. కోడి కూయకముందే కుర్మయ్య ట్రాలీ ఆటో తోట గట్టు దగ్గరకు వచ్చి హారన్ కొడుతుంది. గంపలు ఎక్కుతాయి, గంపల మధ్య సుక్కమ్మ ఎక్కుతుంది. ముందు సీటు ఖాళీగానే ఉంటుంది. "ముందర కూసో అక్కా, చలి పెడుతది" అని కుర్మయ్య ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. "పూలు యాడుంటే నేనాడ్నే" అని ఆమె ఏళ్లుగా జవాబిస్తూనే ఉంది. అసలు సంగతి వేరు. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు పట్నం చేరేదాకా కుర్మయ్య కొడుకు పెళ్లి సంబంధాల గురించి వినాలి. ఆ పిల్లవాడికి సంబంధాలు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి, కుర్మయ్య ఒక్కదాన్నీ మర్చిపోడు.

ఇంట్లో ఆమె వనితకు అత్తమ్మ, ఊళ్లో బాల్‌రాజ్ తల్లి. పూల మార్కెట్‌లో మాత్రం ఆమె సురంగల్ సుక్కమ్మ. గంప మీద గోనె తీసిందంటే చాలు, పక్క గంపలవాళ్లు ఓరచూపు చూస్తారు. బేరానికి వచ్చినవాడు పువ్వు నలిపి చూడబోతే ఆమె చేయి వాడి చేతి మీద పడుతుంది. "నీ పెండ్లిల గూడ గిట్లనే నలిపి చూసినవా బిడ్డా?" అంటుంది. వాడు నవ్వుతాడు, పక్కవాళ్లు నవ్వుతారు, ఆ నవ్వులోనే ధర తెగిపోతుంది. ఆ నవ్వు కోసమే ఆమె మార్కెట్‌కు పోతుందని వనిత అనుమానం. ఆ మాట అత్త ముందు ఎప్పుడూ అనలేదు.

మొన్న ఎండాకాలంలో గంపల దగ్గరే సుక్కమ్మకు కళ్లు తిరిగాయి. బాల్‌రాజ్ భయపడి చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, మెల్లగా మాట్లాడుతుంది. రక్తం పరీక్ష కాగితం చూసి, రక్తంలో కొవ్వు చాలా ఎక్కువుందని చెప్పింది.

సుక్కమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఎండిన కందికట్టెల్లా ఉన్నాయి. తర్వాత పక్కన నిలబడ్డ, బొద్దుగా ఉండే కోడలి వంక చూసింది.

"నా ఒంట్ల కొవ్వు యాడున్నదమ్మా? నెత్తురు మారిపోయిందేమో చూడుండ్రి. ఇది గూడ నా ఎంబడే వచ్చె."

వనిత ముఖం ఎర్రబడింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, సన్నగా ఉన్నవాళ్లకూ రక్తంలో కొవ్వు పేరుకుంటుందని, అది గుండెకు పోయే నరాల్లో అడ్డం పడుతుందని చెప్పింది. గుండె అన్న మాట వినగానే సుక్కమ్మ నోరు మూసుకుంది. ఆమె భర్త అట్లాగే పోయాడు. చామంతి నారు నాటుతూ, చేతిలో నారు చేతిలో ఉండగానే.

"పండుకునే ముందు ఒక గోళి ఏసుకోవాలె. తప్పొద్దు" అంది డాక్టరమ్మ.

"తప్పను" అంది సుక్కమ్మ. ఆ ఒక్క మాట ఇంటికి వచ్చేదాకా నాలుగైదుసార్లు అంది.

నిజంగానే తప్పలేదు. గోళీలు ఎందుకో త్వరగా అయిపోయేవి. ఈ కాలం డాక్టర్లు చీటీ మీద రాయడానికే పిసినారితనం చేస్తారని గొణిగి, మొయినాబాద్‌లో మందుల షాపులో అదే చీటీ చూపించి మళ్లీ తెచ్చుకునేది. దిండు కింద గోళీల అట్ట, పక్కన నీళ్ల చెంబు. కోడలికి కూడా చెప్పేది కాదు. తన మందు తాను చూసుకోగలనని ఆమె గర్వం.

వానలు మొదలయ్యేసరికి తొడలు పట్టుకున్నాయి.

ముందు పిక్కలు అనుకుంది. తర్వాత తొడలు. తర్వాత భుజాలు. ఒక పక్క అయితే గంప మోసినందుకు అనుకునేది. రెండు పక్కలా సమానంగా, కొలిచి పోసినట్టు నొప్పి. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే కూర్చోబుద్ధి కాదు. జడ చుట్టుకోవడానికి చేతులెత్తితే భుజాలు మొరాయించేవి. ట్రాలీ ఎక్కడానికి కాలు ఎత్తితే, ఆ కాలు ఇంకెవరిదో అయినట్టు గాల్లోనే ఆగిపోయేది.

ఆముదం రాసింది. ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది. వాసన వస్తుందని బామ్ మాత్రం రాసుకోలేదు. ఎందుకంటే నొప్పి సంగతి ఇంట్లో తెలియకూడదు.

తెలిస్తే తోట పోతుంది.

బాల్‌రాజ్ దొంతన్‌పల్లిలో పెద్ద కాలేజీలో సెక్యూరిటీ పని చేస్తాడు. మంచివాడే. అమ్మ మీద ప్రేమ ఎక్కువ, ఆ ప్రేమ ఎప్పుడూ సలహాల రూపంలోనే బయటికి వస్తుంది. అతనికి నాగేందర్ అనే దోస్తు ఉన్నాడు. ఫామ్‌హౌస్‌లకు పరిచే పచ్చగడ్డి పెంచి, చాపల్లా కోసి అమ్ముతాడు. సుక్కమ్మ తోట దారి పక్కనే ఉండటం, బోరు బాగుండటం చూసి కిరాయికి అడుగుతున్నాడు.

"అవ్వా, నీకు ఆ మధ్య కండ్లు తిరిగె. ఇగ ఈ వయసుల మార్కెట్ ఎందుకు? గడ్డి అయితే నువ్వు ముట్టే పనే లేదు. ఇంట్లనే కూసో, ఫికర్ లేకుంట" అన్నాడు బాల్‌రాజ్.

"గడ్డి దేనికి? బర్లు తింటయా?"

"తినయ్. గది చూసుకోనీకి."

"తినరాని గడ్డి, చూసుకోనీకి పెంచుతరా?" సుక్కమ్మ చాలాసేపు ఆలోచించింది. "గా గడ్డి మీద నువ్వే కూసో బిడ్డా."

చివరికి ఒప్పందం కుదిరింది. దసరా చామంతి అయ్యేదాకా ఆగుతారు. అప్పటికి ఆమె ఒంట్లో శక్తి ఉంటే తోట తోటలాగే ఉంటుంది. ఎక్కడైనా కూలబడిందా, ఇక మాట్లాడేది లేదు, గడ్డే. ఈ మాట బాల్‌రాజ్ చెప్పాడు, సుక్కమ్మ ఊ అంది. నొప్పులు మొదలైంది ఆ తర్వాతే. అందుకే ఆమె నొప్పి అన్న మాటను నోట్లోనే నమిలి మింగేసింది.

దాచడం కూడా పనే. సుక్కమ్మ ఆ పని కూడా శ్రద్ధగా చేసింది. కలుపు తీయడానికి కూర్చోలేక, నిలబడి కూలీలకు తప్పులు పట్టడం మొదలుపెట్టింది. "సుక్కమ్మ ఈ మధ్య పెద్దసారులెక్క తిరుగుతున్నది" అన్నారు కూలీలు. మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు ట్రాలీ దిగడం కష్టమై, కుర్మయ్యతో బండిని వెనక్కి తీసి గట్టుకు ఆనించమనేది. గట్టు, ట్రాలీ ఒకే ఎత్తు కాబట్టి, మహారాణిలా నడిచి దిగేది.

"ఎందుకక్కా, రోజూ గిట్ల రివర్సు?" అడిగాడు కుర్మయ్య.

"పాముల కాలం. కింద చూడకుంట కాలు పెట్టనా?"

కుర్మయ్య అప్పటినుంచి పాపం తాను కూడా చూసి చూసి దిగేవాడు.

ఒకరోజు నాగేందర్ తోట చూడ్డానికి వచ్చాడు. సుక్కమ్మ అతని ముందు గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు వీపు నిటారుగా పెట్టి నడిచింది. పళ్లు బిగబట్టి నడిచింది కాబట్టి ముఖం కోపంగా కనిపించింది. నాగేందర్ భయపడి చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె రెండో నిద్ర మూలుగుతూనే పోయింది, దిండులో ముఖం పెట్టి.

అదే రోజుల్లో ఇంట్లో ఒక చిత్రం మొదలైంది. వస్తువులన్నీ మెల్లమెల్లగా పైకి లేచాయి. నేల మీదుండే బియ్యం డబ్బా స్టూలు ఎక్కింది. నీళ్ల బిందె అరుగు ఎక్కింది. స్నానాల గదిలో చిన్న పీట పోయి, ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. పైన గూట్లో ఉండే దువ్వెన, అద్దం మాత్రం కిందికి దిగాయి.

"ఏందే ఇది? ఇల్లంత తల్లకిందులు చేసినవ్" అంది సుక్కమ్మ.

"ఎలుకలు అత్తమ్మా."

"ఎలుకలు స్నానం చేస్తున్నయా, కుర్చేసినవ్?"

వనిత పొయ్యి దగ్గరికి పోయింది. వంగలేక బద్ధకం, ఈ కాలం పిల్లలు అంతే, అనుకుంది సుక్కమ్మ. అనుకుంటూనే కుర్చీలో కూర్చుని హాయిగా స్నానం చేసింది.

దారికి అవతల విల్లాల్లో సుబ్బులు ఉంటుంది. కోస్తా వైపు నుంచి వచ్చి ఎన్నో ఏళ్లయింది. ఆమె భర్త రామలింగేశ్వరరావు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. సుబ్బులు పూజకు పూల కోసం తోటకు వస్తుంటుంది. ఒకనాడు అట్లాగే వచ్చి, గట్టు మీద నడుస్తున్న సుక్కమ్మను చూస్తూ నిలబడిపోయింది.

"ఏవండీ సుక్కమ్మగారూ, అచ్చం మా ఆయన నడకే నడుస్తున్నారేంటండీ?"

సుక్కమ్మకు కోపం వచ్చింది. ఆ మనిషి నడక ఆమెకు తెలుసు. పోయిన ఏడాది విల్లాల దారిలో, ప్యాంటులో కర్రలు పెట్టుకున్నట్టు నడిచేవాడు. ఈ ఏడాది మాత్రం కొంచెం మనిషిలా నడుస్తున్నాడు.

"నా నడక నాదే అమ్మా."

"కాదండీ. రెండు తొడలూ పట్టేసినట్టున్నాయి కదూ? మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ కదూ? కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకుంటున్నారా?"

సుక్కమ్మ చుట్టూ చూసింది. కూలీలు దూరంగా ఉన్నారు.

"మీకెట్ల తెలుసు?"

"ఆ నడకతో ఏడాది కాపురం చేశానండీ, తెలియదా?" సుబ్బులు గొంతు తగ్గించింది. "కొందరికి ఆ మందు కండరాలకు పడదట. మా ఆయన ఫోన్లో చదివి, ఎవరికీ చెప్పకుండా మానేశారు. ఇక చూడండి, డాక్టరు చేత చీవాట్లు! మానకూడదట, మార్చుకోవాలట. మందు మార్చారు, ఇప్పుడు బానే ఉన్నారు. నొప్పులు పోయాయి, ఆయన నసే పోలేదు. మీరు మానకండి, వెళ్లి చెప్పండి."

సుక్కమ్మ ఆమె బుట్టలో పూలు మామూలు కన్నా ఎక్కువ పోసింది. ఎవరికీ చెప్పొద్దని ఆ పూల అర్థం. సుబ్బులుకు అర్థమైంది.

కానీ చేవెళ్లకు పోవడం ఎట్లా? ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. ఇంటికి వచ్చి, రేపు మార్కెట్ నుంచి వచ్చాక చేవెళ్లలో మిరప నారు చూసొస్తానని చెప్పింది.

"మనం మిరప ఏస్తలేం గద అత్తమ్మా" అంది వనిత.

"చూస్తే తప్పేంది?"

"నేను గూడ వస్త."

"నువ్వెందుకు?"

"నేను గూడ చూస్త. చూస్తే తప్పేంది?"

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు మొయినాబాద్ దాటింది. మర్రిచెట్ల నీడలు కిటికీలో వెనక్కి పోతున్నాయి. సుక్కమ్మ సీటులో ఇటూ అటూ కదిలింది. వనిత సంచిలోంచి ఒక చిన్న దుప్పటి మడత తీసి, అత్త తొడల కింద పెట్టింది. సుక్కమ్మ ఆ మడతను చూసింది. తర్వాత బియ్యం డబ్బా, బిందె, స్నానాల గదిలో కుర్చీ ఒకటొకటిగా ఆమె కళ్ల ముందుకు వచ్చాయి.

"ఎలుకలంటివి" అంది.

"ఎలుకలే" అంది వనిత కిటికీలోకి చూస్తూ. "ఒక పెద్ద ఎలుక. గట్టు మీద కుంటుకుంట తిరుగుతది, ఎవ్వరికి చెప్పదు."

"ఎప్పటిసంది తెలుసే నీకు?"

"జడ సగం చుట్టుకొని తిరిగిన్నాటి సంది."

"వానికి చెప్పినవా?"

"చెప్తే గడ్డి ఏస్తడు గద."

సుక్కమ్మ కోడలి వైపు తిరిగింది. "తోట పోవద్దని నీకు గూడ ఉన్నదా బిడ్డా?"

"తోట సంగతి నాకేమెరుక అత్తమ్మా" అంది వనిత. ఆమె ముఖంలో నవ్వు లేదు, కళ్లలో మాత్రం ఉంది. "నువ్వు మార్కెట్ బంద్ చేస్తే పొద్దుమాపు ఇంట్లనే ఉంటవు గద. గప్పుడు నా గతేంది?"

సుక్కమ్మ కోడలి చేతి మీద చిన్నగా కొట్టింది. చేయి ఎత్తితే భుజం నొప్పి పుట్టింది, అయినా ఇంకోసారి కొట్టింది.

దవాఖానలో డాక్టరమ్మ అన్నీ ఓపికగా విన్నది. తొడలు నొక్కి చూసింది. కూర్చుని, చేతులు ఆనించకుండా లేవమంది. సుక్కమ్మ సగం లేచి, వనిత భుజం పట్టుకుంది. మూత్రం ఏ రంగులో వస్తుందని డాక్టరమ్మ అడిగింది. ముదురు చాయ్ రంగులో వస్తే మాత్రం ఆ రోజే పరిగెత్తుకు రావాలని చెప్పింది. అట్లా లేదని సుక్కమ్మ చెప్పాక ఆమె ముఖం కొంచెం తేలికపడింది.

"గోళీలు ఎప్పుడు ఏసుకుంటున్నరు?"

"మీరు చెప్పినట్టే అమ్మా. పండుకునే ముందు ఒకటి. నా బిడ్డ తోడు, ఒక్కసారి గూడ తప్పలే." ఈ మాట చెప్పేటప్పుడు సుక్కమ్మ కొంచెం నిటారుగా కూర్చుంది.

"మంచిది. ఎన్నింటికి పండుకుంటరు?"

"పొద్దుగూకంగనే."

"మరి జల్ది లేస్తరు గద, నిద్ర సరిపోతదా?"

"ఎందుకు సరిపోదు? మార్కెట్ నుంచి వచ్చినంక మళ్ల పండుకుంట గద."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది.

"అప్పుడు?"

"అప్పుడేంది?"

"అప్పుడు గూడ గోళి ఏసుకుంటరా?"

ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు సుక్కమ్మ ఆమెను చూసింది. "పండుకునే ముందు ఒకటి అంటిరి గదమ్మా. పండుకుంటున్న గద!"

వనిత కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ ఆపుకోవాలని చూసింది కానీ వల్ల కాలేదు.

"మధ్యల గిట్ల కన్నంటుకుంటే?" అని అడిగింది చివరికి, భయంభయంగా.

"కునుకుకు ఎందుకేసుకుంట? కునుకు నిద్రనా?" అంది సుక్కమ్మ.

నవ్వు అయిపోయాక డాక్టరమ్మ గంభీరంగా మాట్లాడింది. మందు మంచిదే, కానీ ఒంటికి కావలసినదానికి రెట్టింపు పడుతోంది. ఒక్కటే వేసుకున్నా కొందరికి కండరాలు నొస్తాయి, రెండైతే చెప్పేదేముంది. కండరాలు ఎంత దెబ్బతిన్నాయో తెలియడానికి రక్తం తీయించింది. థైరాయిడ్, డి విటమిన్ కూడా చూడాలంది, అవి తక్కువైనా ఇట్లాగే నొప్పులు వస్తాయట. కొన్నాళ్లు గోళి ఆపుదాం, నొప్పి దిగాక వేరే మందు, తక్కువది, మొదలుపెడదాం అంది. "మీ అంతల మీరు ఆపొద్దు, మీ అంతల మీరు పెంచొద్దు. రోజుకు ఒక్కటే అని నేను గూడ గట్టిగ చెప్పాల్సుండె."

సుక్కమ్మ తల వంచుకుంది. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి తాను. ఆ గర్వమంతా ఇప్పుడు తొడల్లో దిగి కూర్చున్నట్టు అనిపించింది. మందు తప్పితే భర్తలా పోతానేమో అని భయపడి వేసుకుంది. ఇప్పుడు ఆపమంటే అదే భయం.

"ఆపితే గుండెకు ఏం గాదా?"

"ఈ కొన్నాళ్లకు ఏం గాదు. నేను చూసుకుంట."

"మార్కెట్‌కు పోవచ్చునా?"

అసలు అడగడానికి వచ్చింది ఇదొక్కటే. వనిత కూడా ముందుకు వంగింది.

"ఎందుకు పోవద్దు? నడవాలె, తిరగాలె. నొప్పి దిగినదాక గంపలు మాత్రం ఎత్తొద్దు."

"విన్నవానే?" అని సుక్కమ్మ కోడలి వైపు తిరిగింది. "రేపు వాడు అడిగితే నువ్వే సాక్షి."

తర్వాత ఒక చిక్కు వచ్చింది. కొత్త మందు ఎప్పుడు వేసుకోవాలో పొరపాటు రాకుండా చెప్పాలి. రోజుకు ఒక్కసారే చేసే పని ఏదో ఒకటి చెప్పమంది డాక్టరమ్మ, దానికి ముడేస్తానంది.

"చాయ్ తాగేటప్పుడు?" అంది వనిత.

"చాయ్ ఎన్నిసార్లు తాగుతనో నీకెరుకనా? నాకే ఎరుక లేదు."

"స్నానం?"

"పూల పురుగు పడితే ఎన్నిసార్లయినా చేస్త."

"టీవీల సీరియల్?" అడిగింది డాక్టరమ్మ.

"ఆదివారం రాదు గద. ఆదివారం నాకు గుండె ఉండదా?"

"కోడలిని తిట్టినప్పుడు" అంది వనిత నెమ్మదిగా, "అని మాత్రం రాయకుండ్రి మేడమ్. సచ్చిపోతది."

డాక్టరమ్మ చేత్తో ముఖం కప్పుకుంది. బయట వరసలో కూర్చున్నవాళ్లు లోపల ఏం జరుగుతోందో అని తొంగి చూశారు. చివరికి వనితే దారి చూపింది.

"పొద్దుగూకి జొన్నరొట్టె తింటది. గది ఒక్కపూటనే. రొట్టె లేనిది పండుకోదు. రొట్టెతోటి ఏసుకుంటే తప్పదు. నేనే రొట్టె మీద పెట్టిస్త."

ఈ కోడలి రొట్టెను సుక్కమ్మ పెళ్లయిన నాటి నుంచి బొంత అంటోంది. ఇప్పుడు ఆ బొంత మీదే తన మందు. ఒప్పుకోక తప్పలేదు.

బాల్‌రాజ్‌కు ఆ సాయంత్రమే చెప్పారు. వనిత చెప్పింది, సుక్కమ్మ పక్కన కూర్చుని తప్పులు దిద్దింది. రెండు నిద్రల దగ్గరికి వచ్చేసరికి అతను ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు, తర్వాత తల్లి కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు.

"నాకు చెప్పకపోతివి అవ్వా."

"చెప్తే గడ్డి తెస్తివి."

"దసరా చామంతిదాక అన్న గద. మాట మాటనే." అతను కూడా ఆ తల్లి కొడుకే. "ఒంట్ల బాగైతే తోట నీది."

మార్కెట్ ఆగలేదు. గంపలు కుర్మయ్య ఎక్కించాడు, కుర్మయ్యే దించాడు. దానికి ఆయన వేరే ఏమీ అడగలేదు. సుక్కమ్మ ముందు సీట్లో కూర్చుంటే చాలన్నాడు. ఆమె కూర్చుంది. ఆలూరు సంబంధం ఎందుకు తప్పిందో విన్నది. శంకర్‌పల్లి పిల్ల చదువు ఎందుకు ఆగిందో విన్నది. ఇంకో పిల్ల మేనమామ స్వభావం ఎట్లాంటిదో పట్నం దాకా విని, మరుసటి రోజు మిగిలింది విన్నది. తొడల నొప్పి కొంచెం కొంచెం దిగుతుంటే చెవుల నొప్పి ఎక్కుతోందని వనితతో చెప్పింది.

రక్తం పరీక్షలో కండరాల లెక్క కొంచెం ఎక్కువే వచ్చింది కానీ భయపడాల్సింది లేదట. విటమిన్ తక్కువుందని దానికి వేరే మందు ఇచ్చారు. తర్వాత కొత్త గోళి, పాతదానికన్నా చిన్నది, వచ్చింది. వనిత మొదటి రోజు రొట్టె మధ్యలో దాన్ని పెట్టి తెచ్చింది, పిల్లలకు బొట్టు పెట్టినట్టు. సుక్కమ్మ గోళి వేసుకుని, రొట్టె వంక చూసి ఏదో అనబోయి, నీళ్లు తాగేసింది. ఒక ఆదివారం కోడి కూర వండి అన్నం పెడితే, "రొట్టె ఏది?" అని కూర్చుంది. వనిత మళ్లీ పొయ్యి వెలిగించి, ఒక్క గోళి కోసం ఒక్క రొట్టె చేసింది.

దసరా దగ్గరపడింది. చామంతి విరగబూసింది. ఒక మధ్యాహ్నం సుక్కమ్మ కూలీలకు తప్పులు పడుతూ, సాలు మధ్యలో ఒక గరిక కనిపించి తీయబోయింది. తీశాక చూసుకుంటే తాను కూర్చుని ఉంది. మడమల మీద, ఎప్పటిలాగే. ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలియలేదు. కాసేపు అట్లాగే ఉండి, పక్కనున్న ఇంకో గరిక పీకింది. దానికి అవతల ఇంకొకటి. కూలీలు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దసారు పదవి పోయిందని వాళ్లకు అర్థమైంది.

చామంతి చివరి కోత అయిన మర్నాడు, మార్కెట్ నుంచి ట్రాలీ తిరిగి వచ్చేసరికి గట్టు దగ్గర బాల్‌రాజ్, నాగేందర్ నిలబడి ఉన్నారు. నాగేందర్ చేతిలో కొలతల టేపు ఉంది. వనిత కొంచెం దూరంగా, ఖాళీ గంపలు అందుకోవడానికి వచ్చినట్టు నిలబడింది. ముందు సీట్లో మాత్రం ఎవరూ లేరు. సుక్కమ్మ వెనక, గంపల మధ్య కూర్చుని ఉంది.

కుర్మయ్య అలవాటుగా బండిని వెనక్కి తిప్పబోయాడు.

"యాడికి తిప్పుతున్నవ్ రా?" అని వెనక నుంచి కేక.

"గట్టుకు అక్కా. పాములంటివి గద."

"పాములన్ని పోయినయ్. ఈడ్నే ఆపు."

బండి దారి మీదే ఆగింది. సుక్కమ్మ వెనక తలుపు మీద చేయి వేసి, ఒక కాలు కింద పెట్టింది, రెండో కాలు కింద పెట్టింది. దారిలో ఒక చామంతి పువ్వు రాలి పడి ఉంది. మొక్క మీదున్న పువ్వునైనా కింద పడ్డ పువ్వునైనా వదిలే మనిషి కాదు. చేతులు దేనికీ ఆనించకుండా కూర్చుని, పువ్వు తీసుకుని, దుమ్ము ఊది, లేచింది. లేచి నాగేందర్ చేతిలో ఆ పువ్వు పెట్టింది.

"ఇంటికి తీస్కపో బిడ్డా. నీ గడ్డికి పూలు పూయవు గద."

నాగేందర్ బాల్‌రాజ్ వంక చూశాడు. బాల్‌రాజ్ తల్లి కాళ్ల వంక చూశాడు.

"టేపు లోపల పెట్టన్నా" అన్నాడు బాల్‌రాజ్. "ఈసారన్న చాయ్ తాగి పో."

కుర్మయ్య ముఖం మాత్రం దిగులుగా ఉంది. "అక్కా, మరి రేపటిసంది ముందర కూసోవా? ఆ పిల్ల మేనమామ సంగతి సగంల ఉన్నది."

"సగంల ఉన్నదే మంచిది" అంది సుక్కమ్మ.

వనిత గంపలు అందుకుంటూ అత్త దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది. "నొస్తున్నదా అత్తమ్మా?"

సుక్కమ్మ తన తొడలను ఒకసారి పరామర్శించినట్టు ఆగింది. "జర నొస్తున్నది. గని ఇది గోళీది గాదే. ఇది నాదే."

ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, రెండో నిద్రకు నడుం వాల్చింది. చేయి అలవాటుగా దిండు కిందికి పోయింది. అక్కడ ఏమీ లేదు. చేయి వెనక్కి తీసుకుని, వంటింటి వైపు తల తిప్పి కేకేసింది.

"వనితా! మాపటికి రొట్టె జర పల్సగ చెయ్యే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. జవాబు మాత్రం రాలేదు. కోడలికి వినపడలేదేమో అనుకుని సుక్కమ్మ ఇంకోసారి పిలవబోయింది, అంతలోనే నిద్ర పట్టేసింది.